అయ్య-అమ్మ, అయ్య-అమ్మ

బ్యూగిల్‌కి మీటలుండవు. సన్నాయికి ఉన్నట్టు రంధ్రాలూ ఉండవు. మడతపెట్టిన ఇత్తడి గొట్టం, ఒక చివర పెదవులు ఆనించే చిన్న గిన్నె, రెండో చివర గరాటు లాంటి మూతి. స్వరం మార్చాలంటే పెదవులు బిగించాలి, లేదా వదులు చెయ్యాలి. గొట్టం పొడవు మారదు కాబట్టి భౌతికశాస్త్రం ఒప్పుకున్న స్వరాలే పలుకుతాయి. మామూలుగా వాడేవి ఐదు. వాటి కంపనాల నిష్పత్తి 2:3:4:5:6. మన లెక్కలో స, ప, పై స, గ, ప. అంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం. మోహన రాగంలోంచి రిషభం, ధైవతం పీకేస్తే మిగిలేది అదే. దాంతో రాగం పాడలేం. పిల్లల్ని వరసలో నిలబెట్టగలం.

విజయనగరం సంగీతం గురించి ఎవరు రాసినా 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల దగ్గర మొదలుపెడతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులు, తర్వాతి రోజుల్లో ఘంటసాల గారు విద్యార్థి. నిజమే, అక్కడే మొదలుపెట్టాలి. నేను చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ ఊళ్ళో హైస్కూలు చదివాను. కానీ ఆ కళాశాల గేటు లోపలికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నేను నేర్చుకున్న సంగీతమంతా పైన చెప్పిన మూడు స్వరాలు, వాటి కింద ఆరు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము, ఒక జత తాళాలు. మా స్కూలు బ్యాండు. దాని చరిత్ర రాయాలని చాలా రోజులుగా ఉంది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక్కటే అడ్డం: స్కూలు బ్యాండుకి చరిత్ర ఎక్కడ ఉంటుంది?

సులువుగా దొరికేది సైన్యం వైపు నుంచి వచ్చే చరిత్ర. 1794 జులై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలాడు. ఆ తర్వాత ఈ ప్రాంతం మీద కంపెనీ పట్టు బిగిసింది. కోటకి కొంచెం దూరంలో మద్రాసు సైన్యం పటాలం దిగింది. ఊళ్ళో కంటోన్మెంట్ అనే పేట ఇప్పటికీ ఉంది. పటాలం ఉన్నచోట డ్రమ్ములూ బ్యూగిళ్ళూ ఉంటాయి. వైర్‌లెస్ లేని రోజుల్లో వందల మందికి ఒకేసారి మాట వినిపించాలంటే అదే దారి. లేవండి, కూడండి, ముందుకి, వెనక్కి, దీపాలార్పండి - ఒక్కో ఆజ్ఞకి ఒక్కో చిన్న వరస. ఇంజనీరుగా చూస్తే నాకది ముచ్చటేస్తుంది: ఐదు సంకేతాలతో ఒక సైన్యాన్ని నడిపే ప్రోటోకాల్. గాలి ఎదురైనా, గుర్రాల గోలలో కూడా పొరపాటు పడకుండా వినిపించాలి. అందుకే స్వరాలు తక్కువ, వాటి మధ్య దూరాలు ఎక్కువ.

స్వతంత్రం వచ్చాక ఆ ప్రోటోకాల్ బళ్ళలోకి వచ్చింది. 1948లో ఎన్‌సీసీ చట్టం వచ్చింది. 1962 జనవరిలో విజయనగరం పక్కన కోరుకొండలో, రాజవంశం వాళ్ళ ప్యాలెస్‌లో, సైనిక్ స్కూలు తెరిచారు. అలాంటి చోట రోజు బ్యూగిల్‌తో మొదలవుతుంది. ఇక మామూలు బళ్ళకి ఆగస్టు 15, జనవరి 26 ఉండనే ఉన్నాయి. శ్రీకాకుళం వాళ్ళకి ఆగస్టు 15 రెండు పండగలు కూడా - 1950లో అదే రోజున విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కలెక్టరు గారు వందనం తీసుకోవాలంటే కవాతు కావాలి, కవాతుకి బ్యాండు కావాలి. వాద్యాలు ఎక్కడివి? చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి. అక్కడ జాలీ కోఠీ అనే పేటలో వీధి వీధంతా ఇత్తడి వాద్యాలు చేసేవాళ్ళే. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ వాళ్ళలో పాతది. దేశంలో పెళ్ళి ఊరేగింపుల్లో మోగే ట్రంపెట్లూ, బళ్ళలో మోగే బ్యూగిళ్ళూ చాలావరకు ఒకే వీధిలో పుట్టిన అన్నదమ్ములు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇదంతా రాయొచ్చు. రాసినవాళ్ళున్నారు. ఇందులో మా స్కూలు మైదానం మాత్రం లేదు.

మా బ్యాండులో చేరేది ఎనిమిదో తరగతిలో. పదో తరగతిలో దసరా దాటాక పబ్లిక్ పరీక్షల పేరు చెప్పి ఇంట్లోవాళ్ళు మానిపించేస్తారు. అంటే ఎవరికైనా రెండేళ్ళు, మహా అయితే మరో మూడు నెలలు. ఎన్‌సీసీ జూనియర్ డివిజన్ శిక్షణ కూడా రెండేళ్ళే. ఈ లెక్కన ఎంత పాత బ్యాండైనా దాని వయసు రెండేళ్ళే. నేను పని చేసే చోట ఒక టీములో ఇద్దరు ఒకేసారి మానేస్తే మేనేజర్లకి నిద్ర పట్టదు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ సెషన్లు, రికార్డింగులు, డాక్యుమెంట్లు. స్కూలు బ్యాండులో రెండేళ్ళకోసారి టీము మొత్తం మారిపోతుంది. ఒక్క కాగితం ఉండదు. అయినా జులైలో మొదలుపెట్టిన పిల్లలు ఆగస్టు 15కి కవాతు నడిపించేస్తారు.

ఎలా? తొమ్మిదో తరగతి వాడు ఎనిమిదో తరగతి వాడికి నేర్పుతాడు. మాస్టారు చూస్తారు, తిడతారు, వేగం సరిచేస్తారు. మా డ్రిల్లు మాస్టారు పటాలంలో చేసి వచ్చినాయన. ఆయనకి కావలసింది నిమిషానికి 120 అడుగులు. ఎడమ కాలు నేలకి తగిలినప్పుడు బేస్ డ్రమ్ము. చేతిలో స్టాప్‌వాచ్ ఉండేది కానీ దాన్ని చూడటం నేనెప్పుడూ చూళ్ళేదు. తేడా వస్తే ఆయనకి తెలిసిపోయేది. "పరిగెడుతున్నావురా!" అని మైదానం అవతలి నుంచి అరిచేవారు.

సైడ్ డ్రమ్ము మీద మొదటి పాఠం డబుల్ స్ట్రోక్. కుడిచేత్తో రెండు, ఎడమచేత్తో రెండు, సమానంగా, మెల్లగా మొదలెట్టి వేగం పెంచుకుంటూ పోతే చివరికి విడివిడి దెబ్బలు వినబడవు, బియ్యం చేటలో పోసిన చప్పుడులా ఒకటే ధార. ఇంగ్లీషు సైన్యం దీన్ని డాడీ-మమ్మీ అని నేర్పింది. డా-డీ కుడి, మ-మ్మీ ఎడమ. మాస్టారు మాకూ అలాగే చెప్పారు. మా బ్యాచ్‌లో ఒక్కడికీ రాలేదు. మాలో ఎవరూ ఇంట్లో డాడీ అని పిలవం, అదొక కారణం కావొచ్చు. డాడీ అనగానే నవ్వొచ్చేది. పైగా "డాడీ"లో రెండు అక్షరాలూ సాగుతాయి, కుడిచెయ్యి రెండో దెబ్బకి ఆలస్యం అయ్యేది.

మా బేస్ డ్రమ్ము వాడు దాన్ని మార్చాడు. వాడు గజపతినగరం వైపు పల్లె నుంచి వచ్చి సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. వాళ్ళ తాత డప్పు, నాన్న పెళ్ళి బ్యాండులో డ్రమ్ము. ఒకరోజు మా అవస్థ చూసి చూసి, నా చేతిలో పుల్లలు లాక్కున్నాడు.

"డాడీ ఏట్రా, డాడీ! అయ్య-అమ్మ అనుకో. అయ్-య, అమ్-మ. నోటితో అంటా కొట్టు."

అంతే. ద్విత్వాక్షరం పని చేసింది. 'అయ్య'లో మొదటి దెబ్బ ఊనిక, రెండోది దాని మీద నుంచి ఎగిరి పడేది. మణికట్టు ఏం చెయ్యాలో నోరు చెప్పింది. వారం రోజుల్లో మైదానమంతా అయ్య-అమ్మ, అయ్య-అమ్మ. మాస్టారు విన్నారు. ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి ఆయన కూడా డాడీ అనడం మానేశారు.

మద్దెలకీ మృదంగానికీ నోటి జతులున్నట్టే డప్పుకీ నోటి మాటలుంటాయి. దెబ్బని ముందు నాలుక మీద నేర్చుకుని తర్వాత చేతికి దింపడం అన్నది వాడు కనిపెట్టింది కాదు, వాళ్ళింట్లో ఉన్నదే. డప్పు కొట్టేది ఒక లావు పుల్లతో, ఒక సన్న పుల్లతో. సైడ్ డ్రమ్ముకి రెండు పుల్లలూ ఒక్కలాంటివే. వాడు చేసిందల్లా ఇంట్లో ఉన్న పద్ధతిని కొత్త వాద్యానికి సరిపోయేలా మార్చి ఇవ్వడం. మా ఆఫీసులో ఇలాంటి పని చేసినవాడి పేరు ఫైలు పైన రాసి ఉంటుంది.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్ళొస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నైట్ షిఫ్ట్‌లో, యూట్యూబులో అమెరికన్ డ్రమ్ కోర్ వీడియోలు చూశాను. ఫుట్‌బాల్ మైదానం నిండా కుర్రాళ్ళు, ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు. పరిగెడుతూ, వలయాలు కడుతూ, ఒక్క దెబ్బ తేడా లేకుండా వాయిస్తారు. ఇదీ సైన్యం నుంచి వచ్చిందే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘాలు తమ ఊళ్ళ పిల్లల చేతికి డ్రమ్ములూ బ్యూగిళ్ళూ ఇచ్చాయి. 1971లో కొన్ని కోర్‌లు కలిసి సొంత సంస్థ పెట్టుకున్నాయి. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో తొలి జాతీయ పోటీ. మీటల్లేని బ్యూగిల్‌కి వాళ్ళు ముందు ఒక మీట పెట్టారు, తర్వాత రెండు, మూడు. 2000 నుంచి ఏ శ్రుతి వాద్యమైనా తెచ్చుకోవచ్చన్నారు. మా ఐదు స్వరాల గొట్టం అక్కడ పూర్తి ఆర్కెస్ట్రా అయి కూర్చుంది.

నన్ను పట్టుకున్నది ఆ హంగు కాదు. ఒక మాట: ఏజ్ అవుట్. అక్కడ వయసు పరిమితి ఉంది. ఇరవై ఒకటో ఇరవై రెండో దాటితే కోర్‌లోంచి బయటికి రావాలి. ఆఖరి ప్రదర్శన అయ్యాక వాళ్ళు మైదానంలో నిలబడి ఏడుస్తుంటారు. మా పదో తరగతి దసరాకీ దానికీ పెద్ద తేడా లేదు, ఏడవడానికి మాకెవరూ టైమివ్వలేదంతే. కానీ వాళ్ళకి ప్రతి ఏడాది స్కోరు ఉంది, రికార్డింగు ఉంది, ఎవరు ఏ డ్రమ్ము మోశారో పేర్లున్నాయి. యాభై ఏళ్ళ కిందటి కార్యక్రమం గురించి ఇప్పటికీ వాదించుకుంటారు.

అది చూశాక నాకు మా ఊరి సంక్రాంతి గుర్తొచ్చింది. మా వైపు తప్పెటగుళ్ళు ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో తప్ప వేరే చోట అంతగా కనబడవు. ఎక్కువగా యాదవులు ఆడతారు. గుండెల మీద కట్టుకున్న గుండ్రటి రేకు వాద్యం, కాళ్ళకి గజ్జెలు, పదిహేను ఇరవై మంది. రెండు చేతులతో వాయిస్తూ, పాడుతూ, అడుగులేస్తూ వలయాలు కడతారు, విడిపోతారు, ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు, వాయిద్యం ఆపకుండానే. కవాతు చేసే డ్రమ్ముల దళం అంటే ఇదే కదా! తేడాలు రెండు. మొదటిది వేగం. మాస్టారి 120 ఎక్కడ మొదలైతే అక్కడే ఉండాలి, వందల కాళ్ళు ఒకేసారి పడాలి కాబట్టి. తప్పెటగుళ్ళు మెల్లగా మొదలై ఎక్కుతూ పోతాయి, చూసేవాళ్ళ ఒంట్లోకి ఊపు ఎక్కాలి కాబట్టి. ఆ ఎక్కుడు వింటూ పెరిగిన పిల్లల్ని 120 దగ్గర ఆపడానికి మాస్టారు ఎందుకంత అరవాల్సి వచ్చేదో ఇప్పుడు అర్థమవుతుంది. రెండోది, తప్పెటగుళ్ళలో ఏజ్ అవుట్ లేదు. చివరి వరసలో పన్నెండేళ్ళ కుర్రాడు, వాడి పక్కన వాళ్ళ నాన్న, ముందు పాట ఎత్తుకునే పెద్దాయన. చరిత్ర రాసుకోవలసిన అవసరం వాళ్ళకి రాలేదు, అది పక్కనే నడుస్తోంది.

మా బేస్ డ్రమ్ము వాడి వెనకాల అలాంటి వరస ఉంది. మా వెనకాల లేదు.

మరి వాడి పేరు ఎక్కడైనా ఉందా? 2019లో ఒక సర్టిఫికెట్ పని మీద స్కూలుకి వెళ్ళినప్పుడు, ఆఫీసులో కూర్చుని, బ్యాండు గురించి ఏవైనా కాగితాలున్నాయా అని అడిగాను. క్లర్కు గారు ఓపికగా వెతికి డెడ్ స్టాక్ రిజిస్టరు తీశారు. కుర్చీలు, బల్లలు, గ్లోబుల మధ్య మా బ్యాండు. బ్యూగిళ్ళు ఎన్ని, సైడ్ డ్రమ్ములు ఎన్ని, ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఏది పాడైంది. మేం వాయించిన బేస్ డ్రమ్ముకి ఎదురుగా 'చర్మం చిరిగినది' అని రాసి ఉంది. వాద్యాల చరిత్ర పూర్తిగా ఉంది. వాయించినవాళ్ళకి ఆ రిజిస్టరులో గడి లేదు.

ఇక్కడ మీరట్ వీధి సంగతి చెప్పాలి.

తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో మా వీధిలో పెళ్ళి. ఊరేగింపుకి బ్యాండు వచ్చింది. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. డ్రమ్ము మోస్తున్నవాళ్ళలో వాడున్నాడు, వాళ్ళ నాన్న పక్కన. అంతకు నాలుగు నెలల ముందే జనవరి 26న తెల్ల డ్రెస్సులో, తలపాగా కుచ్చుతో ఇదే చేతులతో వాయించినప్పుడు మా వీధి పెద్దలు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు వాళ్ళే "ఒరే, ఏటా మొద్దు కొట్టుడు, గట్టిగా కొట్టండ్రా" అంటున్నారు. డెబ్భయ్యేళ్ళ మేళగాడిని కూడా ఏరా అనే పిలిచారు. భోజనాల దగ్గర బ్యాండు వాళ్ళకి విస్తళ్ళు పందిట్లో కాదు, పశువులశాల పక్కన వేశారు. నేను వాడి దగ్గరికి వెళ్ళాను. వాడు డ్రమ్ము తాళ్ళు వదులు చేస్తూ తలెత్తకుండానే అన్నాడు:

"ఇదీ బ్యాండేరా. ఇక్కడ సెల్యూట్ ఉండదు, అంతే."

ఆ మాటలో కోపం లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఇద్దరం ఐస్ పుల్లలు కొనుక్కుని తిన్నాం.

చాలాకాలం తర్వాత అర్థమైంది నాకు, స్కూలు బ్యాండు చరిత్రని సైన్యం వైపు నుంచే ఎందుకు చెబుతామో. అలా చెబితే డ్రమ్ముకి గౌరవం వస్తుంది. కంటోన్మెంట్ నుంచి కోరుకొండకి, అక్కణ్ణుంచి పెరేడ్ మైదానానికి గీత గీస్తే ఆ దారిలో పేటలు తగలవు. కానీ మీరట్ వీధిలో పెళ్ళి ట్రంపెటూ బడి బ్యూగిలూ పక్కపక్కనే తయారైనట్టు, మా మైదానంలో కూడా పటాలం లెక్కా పేట చెయ్యీ పక్కపక్కనే ఉన్నాయి. 120 మాస్టారిది. ఆ 120లో దెబ్బ ఎలా పడాలో నేర్పింది వాడు. మొదటిది నియమావళిలో ఉంది. రెండోది ఎక్కడుందో నేను చూశాను, అందుకే ఈ వ్యాసం.

అదే రోజు, రిజిస్టరు చూసి బయటికొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. మైదానంలో ప్రాక్టీసు. ఇప్పుడు ఆడపిల్లలు కూడా ఉన్నారు, మా రోజుల్లో లేరు. మాస్టారు కూడా వేరే ఆయన. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వేపచెట్టు కింద ఇద్దరు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి డ్రమ్ము కాదు, సిమెంటు గట్టు మీద పుల్లలతో కొట్టిస్తోంది. దగ్గరికెళ్తే వినబడింది. అయ్య-అమ్మ, అయ్య-అమ్మ.

"ఇది ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాను.

"మా సీనియర్స్ సార్."

"వాళ్ళకి?"

"వాళ్ళ సీనియర్స్." ఆ అమ్మాయి నన్ను కొంచెం జాలిగా చూసింది, ఇంకెవరు నేర్పుతారు అన్నట్టు.

2002 నుంచి 2019 దాకా, రెండేళ్ళకో బ్యాచ్ చొప్పున లెక్కేసుకోండి. ఎనిమిది తొమ్మిది చేతులు మారింది. మాలో ఎవరూ వెనక్కి వెళ్ళి నేర్పలేదు. ఎవరూ రాసిపెట్టలేదు. చర్మం చిరిగిన డ్రమ్ములు పోయాయి, కొత్తవి వచ్చాయి. మాట మాత్రం నిలిచింది, ఎందుకంటే అది పని చేస్తుంది. నేను రాసిన కోడ్‌లో పదిహేడేళ్ళు బతికే లైను ఒక్కటి కూడా ఉండదు, పందెం.

వాడు ఇప్పుడు గాజువాకలో వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. బ్యాండు మానేసి చాలాకాలమైంది, వాళ్ళ నాన్న పోయాక ఎర్ర కోటు ముట్టుకోలేదు. ఆ రాత్రి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ అమ్మాయి, గట్టు, వేపచెట్టు, అయ్య-అమ్మ. వాడు సంతోషిస్తాడనో, గొంతు మారుతుందనో అనుకున్నాను. వెనకాల గ్రైండర్ చప్పుడు ఆగేదాకా ఏమీ మాట్లాడలేదు.

"పరిగెడతన్నారా?" అన్నాడు.

"ఏంటి?"

"గుంటలు. ఏగం ఎక్కించేస్తన్నారా, నిలబెడతన్నారా?"

నిలబెడుతున్నారు అని చెప్పాను. చేతిలో ఫోనుంది కాబట్టి ఆ రోజు లెక్కపెట్టాను కూడా: నిమిషానికి 118, 119, మళ్ళీ 118.

"అయితే ఎవులో బాగానే సెప్పార్రా" అన్నాడు. మళ్ళీ గ్రైండర్ మొదలైంది.